తెర మీది గొంతు, గొంతులోని ట్యూబు

ఊపిరి ఆగిన మనిషి గొంతులోకి ట్యూబు వేయడం ఎలాగో తరతరాల విద్యార్థులకు నేర్పిన ఒక గురువు పేరిట జరుగుతున్న ఉపన్యాసం ఇది. ఆయన గుణగణాలు చెప్పగలవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను ఆయన చేసిన పని గురించే మాట్లాడతాను. ఆ పనిలో ఇరవై ఏళ్లుగా ఒక పనిముట్టు మార్పు తెస్తోంది: కొసన చిన్న కెమెరా, పైన తెర ఉన్న వీడియో లారింగోస్కోపు. ఇది మంచిదా కాదా అని అడగడం తేలిక. దేన్ని కొలిచి మంచిదంటున్నాం అని అడగడం కష్టం. ఆపరేషన్‌కు వచ్చిన రోగి విషయంలో ఈ పరికరాన్ని కొలిచే తీరు చాలాకాలం తప్పుదారిన నడిచిందనీ, సరైన కొలతతో చూసినా అదే నెగ్గుతుందనీ, అయితే దాని గొప్పతనం మనం అనుకున్న చోట కాక వేరేచోట ఉందనీ నా వాదన.

కథ ఒక సంగీతం మాస్టారితో మొదలవుతుంది. 1854లో మాన్యుయెల్ గార్సియా అనే గాత్ర గురువు పళ్ల డాక్టరు వాడే చిన్న అద్దాన్ని తన గొంతులో పెట్టుకుని, సూర్యకాంతిని దాని మీదికి మళ్లించి, పాడుతున్నప్పుడు తన స్వరతంతువులు ఎలా కదులుతున్నాయో తానే చూసుకున్నాడు. మరుసటి ఏడాది ఆ పరిశీలనలు లండన్‌లోని రాయల్ సొసైటీ ముందుకు వచ్చాయి. నోటి నుంచి స్వరపేటికకు దారి తిన్నగా ఉండదు, మూల తిరుగుతుంది. గార్సియా ఆ మూలను తిన్నగా చేయలేదు, చూపునే వంచాడు. 1895లో బెర్లిన్‌లో ఆల్ఫ్రెడ్ కిర్‌స్టీన్ దీనికి ఎదురుదారి పట్టాడు. నాలుకను నొక్కి, తలను వంచి, కన్ను నేరుగా స్వరపేటికను చూసేలా దారినే తిన్నగా చేశాడు. 1943లో ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు రాబర్ట్ మకింతోష్ వంపు బ్లేడు తెచ్చాక ఆ పద్ధతే లోకమంతా స్థిరపడింది. వీడియో లారింగోస్కోపు మళ్లీ గార్సియా దారికి వచ్చింది. ఈ పరికరం బలమూ బలహీనతా రెండూ ఈ మలుపులోనే ఉన్నాయి.

మామూలు లారింగోస్కోపుతో జరిగేదేమిటో దగ్గరగా చూద్దాం. మత్తు ఇచ్చి, కండరాలు సడలించే మందు వేశాక రోగి తనంతట తాను ఊపిరి తీసుకోడు. ముందుగా మాస్కుతో ఊపిరితిత్తుల్లో నింపిన ఆక్సిజనే ఆ కాసేపటికీ పెట్టుబడి. ఎడమచేత్తో పట్టుకున్న బ్లేడును నోటి కుడిమూల నుంచి దించి, నాలుకను ఎడమపక్కకు తోసి, కొసను నాలుక మొదటికీ, స్వరపేటిక మీది మూత ఎపిగ్లాటిస్‌కూ మధ్య గుంటలో ఆనించి, పిడి చూపే దిక్కుకు ఎత్తాలి. పళ్లను మీటగా వాడకూడదు. అన్నీ కుదిరితే ఎపిగ్లాటిస్ లేచి, దాని వెనక రెండు తెల్లటి తంతువులు, మధ్యలో నల్లటి త్రికోణం కనిపిస్తాయి. ట్యూబు వెళ్లాల్సింది అందులోకే. కన్ను, బ్లేడు, త్రికోణం ఒకే గీత మీద ఉన్నాయి గనుక, కనిపించిందంటే దాదాపు చేరినట్టే. ఈ పద్ధతిలో చూపూ చేరికా జంటగా ఉంటాయి.

కెమెరా ఆ జంటను విడదీసింది. మకింతోష్ వంపులోనే ఉండి కెమెరా తగిలించుకున్న బ్లేడులో ఈ ఎడబాటు తక్కువ. బాగా వంపు తిరిగిన బ్లేడులో, అంటే కెనడా సర్జన్ జాన్ పేసీ 2001లో తెచ్చిన గ్లైడ్‌స్కోప్ వంటి దానిలో, ఎడబాటు పూర్తిగా కనిపిస్తుంది. తెర నిండా స్వరపేటిక, పాఠ్యపుస్తకంలో బొమ్మలా. ట్యూబు మాత్రం కొస పైకి తిరగక, త్రికోణం కింది అంచును తడుముతూ వెనక్కి జారుతుంది. చూపు మూల తిరిగింది, ట్యూబు తిరగలేదు. అందుకే ట్యూబు లోపల బ్లేడు వంపుకు సరిపోయే గట్టి కమ్మి, అంటే స్టైలెట్, కావాలి. ట్యూబు స్వరపేటికలోకి దూరాక స్టైలెట్‌ను కాస్త వెనక్కి లాగితేనే కొస కిందికి దిగుతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ట్యూబు నోట్లోకి వెళ్లిన క్షణం నుంచి తెర మీద కనిపించే క్షణం దాకా అది ఏ కన్నుకూ కనిపించదు. తెరకే అతుక్కుపోయిన డాక్టరు ఆ చీకటి జాగాలో అంగిలినో టాన్సిల్ పక్క మెత్తటి పొరనో చీల్చవచ్చు. అందుకే నోట్లో చూసి బ్లేడు దించు, తెర చూడు, మళ్లీ నోట్లో చూసి ట్యూబు దించు, అప్పుడు తెర చూడు అని నేర్పుతారు. అమెరికాలో మైకేల్ అజీజ్ బృందం 2011లో ప్రకటించిన 2,004 గ్లైడ్‌స్కోప్ వాడకాల్లో 97 శాతం సఫలమయ్యాయి. నేరుగా చూసే పద్ధతి విఫలమైన చోట దీన్ని పట్టుకున్నప్పుడు 94 శాతం సఫలమయ్యాయి. గొంతు మెత్తటి భాగాలకు గాయాలు కూడా నమోదయ్యాయి, అరుదే గానీ నిజమైనవి.

మొదట్లో ఈ పరికరాలను ఏం చూసి మెచ్చుకున్నారు? దృశ్యాన్ని చూసి. స్వరపేటిక ఎంత కనిపించిందో చెప్పడానికి 1984లో కోర్మాక్, లెహేన్ నాలుగు తరగతులు కట్టారు. ఒకటైతే పూర్తిగా, నాలుగైతే ఎపిగ్లాటిస్ కూడా కనిపించదు. అది నేరుగా చూసే కంటి కోసం, ప్రసూతి ఆపరేషన్లలో కష్టమైన గొంతుల గురించి ఆలోచిస్తూ చేసిన కొలత. చూపూ చేరికా జంటగా ఉన్న చోట ఆ కొలతకు అర్థం ఉంది. అదే కొలతను తెర మీది బొమ్మకు వర్తింపజేసి, మూడో తరగతి ఒకటైపోయింది చూడండి అంటే, బంగారం తూచే త్రాసులో బియ్యం తూచినట్టు. ఆపైన సెకన్లు లెక్కపెట్టారు. ట్యూబు వేయడానికి పది సెకన్లు ఎక్కువైందా తక్కువైందా అన్నది, ఆక్సిజన్ బాగా నింపుకున్న ఆరోగ్యవంతుడి విషయంలో పెద్ద తేడా కాదు. పైగా గడియారం ఎప్పుడు మొదలెట్టి ఎప్పుడు ఆపారన్నది ఒక్కో అధ్యయనంలో ఒక్కో రకం. ఇక మనిషి ఆకారపు ప్లాస్టిక్ బొమ్మల మీద చేసిన పరీక్షలకు లెక్కే లేదు. ప్లాస్టిక్ నాలుక వాయదు, లాలాజలం ఊరదు, రక్తం కారదు, ఆక్సిజన్ పడిపోదు. బొమ్మ మీద గెలిచిన పరికరం మనిషి దగ్గర ఓడిపోవచ్చు. బ్రిటన్‌లోని డిఫికల్ట్ ఎయిర్‌వే సొసైటీ 2011లోనే దీన్ని పట్టించుకుని, మనుషుల మీద పోల్చి చూసిన కనీస సాక్ష్యం లేనిదే గొంతు పరికరాలు కొనకండని ఆసుపత్రులకు చెప్పింది. మందు అమ్మాలంటే రుజువులు అడిగే లోకం లారింగోస్కోపును మాత్రం కుర్చీ కొన్నంత సులువుగా కొంటున్నది.

మరి కొలవాల్సిందేమిటి? నా దృష్టిలో రెండే. మొదటి ప్రయత్నంలోనే ట్యూబు శ్వాసనాళంలోకి చేరిందా, ఈ క్రమంలో రోగికి హాని జరిగిందా. మొదటి ప్రయత్నానికి ఎందుకింత విలువ అంటే, ప్రతి ప్రయత్నమూ తర్వాతి ప్రయత్నాన్ని కష్టం చేస్తుంది. బ్లేడు తగిలిన చోట వాపు, ఓ చుక్క రక్తం, తగ్గుతున్న ఆక్సిజన్, వణికే చెయ్యి. థియేటర్ బయట అత్యవసరంగా ట్యూబులు వేసిన 2,833 మందిని పరిశీలించి 2004లో మోర్ట్ రాసిన వ్యాసంలో, రెండు ప్రయత్నాల లోపు పని పూర్తయినవారిలో ఆక్సిజన్ బాగా పడిపోయింది 11.8 శాతానికైతే, అంతకు మించినవారిలో 70 శాతానికి. గుండె ఆగిపోవడం 0.7 శాతం నుంచి 11 శాతానికి చేరింది. ఇందులో కొంత గొంతు కష్టమైనదవడం వల్ల, కొంత జబ్బు ముదిరినందువల్ల. నేరమంతా ప్రయత్నాల సంఖ్యదే అనలేం. అయినా దిక్కు మాత్రం స్పష్టం.

ఈ కొలతతో చూస్తే ఏం తేలుతుంది? 2022లో వెలువడిన కోక్రేన్ సమీక్ష 222 అధ్యయనాలను, 26,149 మందిని ఒకచోట చేర్చింది. ఆ సమీక్ష చేసిన మంచి పని, వీడియో లారింగోస్కోపులన్నిటినీ ఒకే గంపలో వేయకపోవడం. మకింతోష్ వంపువి, బాగా వంపు తిరిగినవి, ట్యూబు జారడానికి గాడి ఉన్నవి అని మూడుగా విడదీసింది. మూడింటిలోనూ విఫలమైన ప్రయత్నాలు సుమారు సగానికి, లేదా అంతకంటే తక్కువకు తగ్గాయి. బాగా వంపు తిరిగిన వాటితో, ట్యూబు పొరపాటున అన్నవాహికలోకి పోవడం దాదాపు 60 శాతం తగ్గింది. పళ్లకు దెబ్బ తగలడంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. పళ్లు కాపాడుతుందని అమ్మే సేల్స్‌మన్‌కు ఇది చూపించాలి. 2023లో వచ్చిన ఎమ్మా అధ్యయనంలో మామూలు ఆపరేషన్లకు వచ్చిన 2,092 మందిని చీటీలు వేసి రెండుగా విభజించారు. మెక్‌గ్రాత్ వీడియో బ్లేడుతో మొదటిసారే సఫలమైంది 94 శాతం, మామూలు మకింతోష్‌తో 82 శాతం. 2024లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ నుంచి వచ్చింది ఇంకా పెద్దది. గుండె, ఛాతీ, రక్తనాళాల ఆపరేషన్లు 8,429. ఒకటి కంటే ఎక్కువ ప్రయత్నాలు అవసరమైంది వీడియోతో 1.7 శాతానికి, నేరుగా చూసి వేసినప్పుడు 7.6 శాతానికి. లెక్క కడితే, సుమారు 17 మందికి వీడియో వాడితే ఒకరికి రెండో ప్రయత్నం తప్పుతుంది. గొంతుకూ పళ్లకూ గాయాలు మాత్రం రెండు వైపులా ఒక శాతం దగ్గరే.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. దాన్ని తేలిగ్గా తోసేయకూడదు. చేతిలో ఏ లారింగోస్కోపు ఉందో డాక్టరుకు తెలియకుండా దాచడం అసాధ్యం. క్లీవ్‌లాండ్ అధ్యయనంలో వైఫల్యమంటే మూడుసార్లకు మించి ప్రయత్నించడమే కాదు, ఏ కారణంగానైనా ఇంకో పరికరానికి మారడం కూడా. పక్కనే తెర సిద్ధంగా ఉంటే, నేరుగా చూస్తున్న డాక్టరు కాస్త ఇబ్బంది రాగానే దాని వైపు చెయ్యి చాపుతాడు. తెర లేని రోజుల్లో ఇంకో క్షణం పట్టుపట్టి వేసేవాడే. కాబట్టి వైఫల్యం నేరుగా చూస్తే 4 శాతం, వీడియోతో 0.27 శాతం అన్న అంకెల మధ్య కనిపించే పదిహేను రెట్ల తేడాను నేను యథాతథంగా తీసుకోను. కొంత తగ్గించుకోవాల్సిందే. అయితే ఎంత తగ్గించాలి? ఆ మారడమే ఒక తీర్పు కాదా? పక్కన రెండూ ఉన్నప్పుడు అనుభవజ్ఞుడి చెయ్యి ఎటు చాపుతుందో అదీ సాక్ష్యమే. పైగా కోక్రేన్ సమీక్షలో ఆక్సిజన్ పడిపోవడం మకింతోష్ వంపు వీడియో బ్లేడుతో నాలుగో వంతుకు పైగా తగ్గింది. డాక్టరుకు పక్షపాతం ఉండొచ్చు, వేలికి తగిలించిన పల్స్ ఆక్సీమీటరుకు ఏ కంపెనీ మీదా ప్రేమ లేదు.

రెండో అభ్యంతరం మన థియేటర్లలో రోజూ వినిపించేదే. సరే, కష్టమైన గొంతుకు వీడియో వాడదాం, మామూలు గొంతుకు ఎందుకు? బీరువాలో పెట్టి, అవసరమైనప్పుడు తీద్దాం. వినడానికి ఎంతో సబబుగా ఉంది. అయితే ఏ గొంతు కష్టమో ముందే తెలుస్తుందన్న నమ్మకం మీద నిలబడిన మాట ఇది. ఈ నమ్మకానికి ప్రపంచమంతా వాడే పేరు ఒక తెలుగువాడిది కావడం విశేషం. గుంటూరు జిల్లాలో పుట్టి, గుంటూరు వైద్య కళాశాలలో చదివి, బోస్టన్‌లో పనిచేసిన మల్లంపాటి శేషగిరిరావు 1985లో 210 మందిని పరిశీలించి, నోరు తెరిచి నాలుక చాపమంటే కొండనాలుక ఎంత కనిపిస్తుందన్నదాన్ని బట్టి గొంతు కష్టాన్ని ఊహించే పద్ధతి చెప్పారు. పరికరం అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు, పావు నిమిషం పని. ఈనాటికీ ప్రపంచంలో ఎక్కడ మత్తు ఇచ్చినా ఆయన పేరు కేస్‌షీట్లో ఉంటుంది. ఆ పరీక్షను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ దానితో పాటు దవడ, మెడ, పళ్లు అన్నీ చూసి మనం చేసే జోస్యం ఎంత నిలుస్తుంది? డెన్మార్క్ జాతీయ నమోదుల నుంచి 1,88,064 మంది వివరాలు తీసి 2015లో ప్రకటించారు. ట్యూబు వేయడం నిజంగా కష్టమైన 3,391 మందిలో 93 శాతం ముందుగా ఎవరూ ఊహించనివారు. కష్టమవుతుందని ముందే రాసిపెట్టినవారిలో నిజంగా కష్టమైంది నలుగురిలో ఒకరికి. వాన కురుస్తుందనుకున్న రోజుల్లోనే గొడుగు పట్టుకెళ్లేవాడు తడిసేది ఎక్కువగా ఎండ కాస్తుందనుకున్న రోజునే.

నా వాదనకు కీలకం ఇదే. వీడియో లారింగోస్కోపును కష్టమైన గొంతుల పరికరంగా ప్రచారం చేశారు, అలాగే కొన్నారు, అలాగే దాచిపెట్టారు. అంకెలు చెప్పేది, అది ఎక్కువగా పనికొచ్చేది మనం తేలికని పొరబడ్డ గొంతుల దగ్గర అని. ఆ గొంతులు ఎవరివో ముందు తెలియదు గనుక, మొదటి ప్రయత్నానికే చేతిలో ఉండాలి.

ఎదురు సాక్ష్యం లేదా అంటే ఉంది. 2017లో ఫ్రాన్స్‌లోని ఏడు ఇంటెన్సివ్ కేర్ యూనిట్లలో 371 మంది మీద చేసిన మాక్‌మాన్ అధ్యయనంలో మొదటి ప్రయత్నం సఫలమైంది వీడియోతో 67.7 శాతం, నేరుగా 70.3 శాతం. అంటే లాభం లేదు. ప్రాణాపాయమైన తీవ్ర సమస్యలు వీడియో వైపు 9.5 శాతం, నేరుగా చూసే వైపు 2.8 శాతం. అక్కడ ట్యూబులు వేసినవారు చాలావరకు శిక్షణలో ఉన్నవాళ్లు. వీడియో విఫలమైన సందర్భాల్లో ఎక్కువ భాగం స్వరపేటిక కనిపించకపోవడం వల్ల కాదు, కనిపించినా ట్యూబు దూరకపోవడం వల్ల. నేను ఇందాక చెప్పిన ఎడబాటు అంకెల్లో దొరికిందన్నమాట. ఆరేళ్ల తర్వాత అమెరికాలో 17 చోట్ల చేసిన డివైస్ అధ్యయనం, అది కూడా విషమ స్థితిలో ఉన్నవారి మీదే, ఎదురు ఫలితం ఇచ్చింది. 85.1 శాతం వీడియోకు, 70.8 శాతం నేరుగా చూసేదానికి. తేడా ఎంత స్పష్టమైందంటే 1,417 మంది చేరేసరికే ఆపేశారు. అయితే తీవ్ర సమస్యలు రెండువైపులా 21 శాతం దగ్గరే నిలిచాయి. మొదటిసారి విజయం పెరిగినంత మాత్రాన హాని అంతే తగ్గుతుందని ఎవరైనా అంటే ఈ అంకె చూపించవచ్చు, నేను ఒప్పుకుంటాను. బీపీ పడిపోయిన మనిషికి మత్తుమందు చేసే చెరుపును ఏ కెమెరా ఆపదు. ఇవి విషమ రోగుల అధ్యయనాలని, ప్లాను ప్రకారం ఆపరేషన్‌కు వచ్చినవారి గొంతులు వేరని కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఖర్చు మాట చాలాసేపు మాట్లాడాల్సింది, క్లుప్తంగా చెబుతాను. కార్పొరేట్ ఆసుపత్రి థియేటర్లో తెర మామూలు సామాను, ఏరియా ఆసుపత్రిలో అది ఇండెంటు పెట్టి ఎదురుచూసే వస్తువు. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ బ్లేడ్ల ఖర్చు పరికరం ధర కంటే త్వరగా వీపు విరుస్తుంది, చెత్త కూడా పోగవుతుంది. ఈ ఇబ్బంది చూసే మన దేశంలో కొందరు డాక్టర్లు పైపులు తనిఖీ చేసే చవక యూఎస్‌బీ కెమెరాను మకింతోష్ బ్లేడుకు కట్టి, ఫోను తెర మీద చూసి పని నడిపారు. ఆ తెలివికి దండం పెడతాను. కానీ చవకది కూడా వీడియోనే కదా అన్న తర్కం దగ్గర ఆగుతాను. స్విట్జర్లాండ్‌లో 720 మందికి మెడపట్టీ వేసి, కావాలనే గొంతును కష్టం చేసి ఆరు వీడియో లారింగోస్కోపులను పోల్చారు. 2016లో వచ్చిన ఆ ఫలితాల్లో మొదటి ప్రయత్నం విజయం ఒకదానితో 98 శాతం, ఇంకొకదానితో 37 శాతం. వీడియో లారింగోస్కోపు అనేది ఒక వస్తువు పేరు కాదు, ఒక గుంపు పేరు. గుంపుకు వచ్చిన మంచిపేరుతో గుంపులోని ప్రతిదాన్నీ కొనకూడదు. టెండరులో తక్కువ ధర రాసినవాడికే ఇచ్చే పద్ధతి ఉన్న చోట ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి.

కుర్రాళ్లకు నేరుగా చూసే విద్య పోతుందన్నది చివరి అభ్యంతరం, పెద్దల నుంచి ఎక్కువగా వచ్చేది. బ్యాటరీ అయిపోతే? కెమెరా మీద రక్తమో వాంతో పడితే? భయం న్యాయమే. దానికి జవాబు తెరను దాచిపెట్టడం కాదు, సరైన బ్లేడును ఎంచుకోవడం. మకింతోష్ వంపు ఉన్న వీడియో బ్లేడుతో తెర పక్కకు తిప్పేసి నేరుగా కూడా చూడొచ్చు. విద్యార్థి కంటితో చూస్తాడు, అదే క్షణంలో గురువు తెర మీద చూస్తాడు. ఇంతకాలం గురువుకు విద్యార్థి భుజం మీదుగా చూసే భాగ్యమే ఉండేది, అదీ విద్యార్థి తల అడ్డు లేకపోతే. కనిపిస్తోందా అని అడగడం, కనిపిస్తోంది సార్ అని భయంతో అబద్ధమాడడం, ఇద్దరూ అన్నవాహిక వైపు ప్రయాణం కట్టడం ఈ బోధనలో దాచిన పుట. తెర వచ్చాక ఆ అబద్ధానికి చోటు లేదు. శిక్షణ కాలంలో వారానికి కొన్ని కేసులు తెర ఆఫ్ చేసి చేయించండి, విద్య నిలుస్తుంది. బాగా వంపు తిరిగిన బ్లేడుతోనే మొదటి పాఠం మొదలెడితే మాత్రం ఆ పెద్దల భయం నిజమవుతుంది.

ఇంకొక్క సంగతి. తెర మీద ట్యూబు త్రికోణంలోకి దూరడం అందరూ చూశారు, అనస్తటిస్టు, నర్సు, సర్జన్ కూడా. అందరూ చూశారు గనుక చేరిందని అందరూ నమ్ముతారు. బ్లేడు తీస్తున్నప్పుడు, టేపు అంటిస్తున్నప్పుడు, తల తిప్పుతున్నప్పుడు ట్యూబు జారవచ్చు. అసలు చూసిందే పొరపాటు కావచ్చు. ట్యూబు అన్నవాహికలో ఉండిపోయి ఎవరూ గమనించని దుర్ఘటనలను ఆపడానికి 2022లో అంతర్జాతీయ నిపుణులు రాసిన మార్గదర్శకాలు వీలున్నచోటల్లా వీడియో లారింగోస్కోపు వాడమన్నాయి. కానీ తీర్పు చెప్పే అధికారం దానికివ్వలేదు. ఆ అధికారం క్యాప్నోగ్రాఫ్‌ది. వదిలిన గాలిలో కార్బన్ డయాక్సైడ్ గీత కనీసం ఏడు శ్వాసల పాటు, శ్వాస వదిలినప్పుడు లేస్తూ, తీసుకున్నప్పుడు పడుతూ, కిందిగీత నుంచి 7.5 మిల్లీమీటర్ల పాదరసానికి తగ్గని ఎత్తుకు చేరుతూ కనబడాలి. ఏరియా ఆసుపత్రి సూపరింటెండెంటు గారి చేతిలో ఒక్కదానికే సరిపడా డబ్బుండి, తెర కొనాలా క్యాప్నోగ్రాఫ్ కొనాలా అని ఎవరినైనా అడిగితే, ఇంతసేపూ తెర గురించి మాట్లాడిన నేను కూడా క్యాప్నోగ్రాఫే అంటాను. తెర కోసం ఇండెంటు మరుసటి ఏడాది పెట్టుకోవచ్చు.